అగ్గిపెట్టెలో వచ్చిన గుర్రం

ధర్మపురి నరసింహస్వామి మీద ఒట్టు. కుడిచెయ్యి పైకెత్తి, ఎడమచేత్తో గొంతు పట్టుకుని చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్ళు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. మొసలి వీపు మీద కూర్చుని గోదావరి దాటానని నేనెప్పుడో చెప్పిన ముచ్చట ఇంకా మా చుట్టాలలో తిరుగుతూనే ఉంది. అది వేరు, ఇది వేరు. దీనికి సాక్షి ఉంది. మా అక్క. నేను పిడికెడు చెబితే అందులోంచి చిటికెడు నిజం ఏరి, మిగిలింది చాటలో చెరిగి పారబోసే మనిషి. ఈ ముచ్చట చెప్పినంతసేపూ ఆమె నా పక్కనే కూర్చుంది.

మొన్న దసరాకు అక్క ఇంటికి పోయాను. అక్క మనవరాలు, బడికి పోవడం కొత్తగా మొదలుపెట్టిన పిల్ల, అన్నం దగ్గర గారె కోసం చెయ్యి చాపింది. ఎవరో "ఆ చెయ్యి కాదమ్మా, ఈ చెయ్యి" అన్నారు. పిల్ల ఎడమచెయ్యిని తొడ కింద పెట్టుకుని దానిమీద కూర్చుంది. అన్నాలయ్యాక లోపలికి పోయి ఒక నల్ల పెట్టె మోసుకొచ్చి మా ముందు తెరిచింది. చిన్న ఫిడేలు. కొత్త వార్నీషు వాసన, దాని అడుగున గుగ్గిలం లాంటి ఇంకో వాసన. అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"తాతా, తీగెల కింద ఈ చెక్క ఏంటిది?" అంది పిల్ల.

"గుర్రం" అన్నాను.

"ఇగ షురూ చేసిండు" అంది అక్క. మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని, "చెప్పు తమ్మీ. గని నిజం చెప్పు" అంది. పిల్ల మళ్ళీ ఎడమచెయ్యి తొడ కింద దూర్చుకుంది.

చెప్పాను.

మేము బొగ్గుబాయి క్వార్టర్లలో పెరిగినవాళ్ళం. బాపు దీపాల గదిలో పనిచేసేవాడు. బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చి, ఎక్కొచ్చినవాళ్ళ దగ్గర తీసుకునేవాడు. అందుకని ఊరంతా ఆయన్ని దీపాల సారు అనేది. మా లైన్లో ఎక్కడెక్కడివాళ్ళో ఉండేవాళ్ళు. మా ఇంట్లో సర్వపిండి కాలుతుంటే పక్కింట్లో చింతపండు పులిహోర, ఆ పక్కన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. సాయంత్రమయితే అన్నిళ్ళ బొగ్గుపొయ్యిల పొగా కలిసి ఒక్కటే దుప్పటిలా లైను మీద పరుచుకునేది. ఆ పొగలోంచి, చివరి క్వార్టరు నుంచి, ఫిడేలు వినబడేది.

వాయించేది కోస్తా నుంచి వచ్చిన ఒక గుమాస్తా. పగలు కంపెనీ ఆఫీసులో నక్షాలు గీసేవాడు, సాయంత్రం ఫిడేలు మాస్టరు. మాలా "వచ్చిండు" అనకుండా "వచ్చాడు", "పోయాడు" అని మాట్లాడేవాడు కాబట్టి పిల్లలం ఆయన వెనకాల "డూడూ సారు" అనేవాళ్ళం.

అక్కది పుర్రచెయ్యి. ముగ్గు వేసినా, రాయి విసిరినా, నన్ను కొట్టినా ఎడమచేత్తోనే. బాపమ్మ, అంటే బాపు వాళ్ళమ్మ, ఆ చెయ్యిని మాన్పించాలని అక్క ఎడమ మణికట్టుకు ఎర్రగుడ్డ పీలిక కట్టింది. అన్నం దగ్గర ఆ గుడ్డ చూసి యాదికి తెచ్చుకోవాలట. కోపంతో కట్టింది కాదు. కట్టేటప్పుడు, "రేపు ఒకలింటికి పోయేదానివి, గీ చెయ్యి చూసి నిన్నెవలన్న ఒక్క మాటంటే నా పాణం ఆగది బిడ్డా" అనేది. అక్క తలూపేది. గుడ్డ మాత్రం ఎప్పుడూ పచ్చడి మరకలతోనే ఉండేది.

ఒకరోజు అక్క మాస్టరు కిటికీ దగ్గర నిలబడి చూసి, ఒగరుస్తూ ఉరికొచ్చింది.

"తమ్మీ! గా సారు పాటంత ఎడమచేతితోటే పాడుతుండ్రా! కుడిచెయ్యి ఊకె అటు ఇటు గుంజుతది. ఏళ్ళన్ని ఎడమదిక్కే ఆడుతున్నయి!"

ఆరోజు పట్టింది అక్కకు ఫిడేలు పిచ్చి. బాపు వెంటబడింది. అన్నం మానేసింది.

("మానలే" అంది అక్క ఇక్కడ. "ఒక్క పూట కోపం చేసిన. గంతే.")

బాపు పోయి మాస్టరును అడిగితే ఆయన, "నేర్పుతానండీ, ఎందుకు నేర్పను? అయితే ఒకటి. మా గురువుగారు విజయదశమినాడు తప్ప పాఠం మొదలుపెట్టలేదు, నేనూ అంతే. ఆ పొద్దుటికి ఫిడేలు పలుకుతూ ఉండాలి. వచ్చే దసరాకు కంపెనీ నన్ను ఏ బాయికి తోలుతుందో నాకే తెలీదు" అన్నాడు.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది. బాపు సెలవు పెట్టి మమ్మల్నిద్దర్నీ ఎర్రబస్సులో కరీంనగర్ తీసుకుపోయాడు.

గడియార స్తంభం దగ్గర ఒక సందులో హార్మోనియాలు బాగుచేసే మిస్త్రీ సాబు దుకాణం. మైలతుత్తం రంగు తలుపులు. లోపల సరేసు జిగురు ఉడుకుతున్న వాసన, దానిమీద అత్తరు, దానిమీద పక్క హోటలు చాయ్. కప్పు నుంచి మూడు ఫిడేళ్ళు సొరకాయల్లా వేలాడుతున్నాయి.

"గా పెద్దది దింపు సాబ్" అన్నాడు బాపు. "ఎదిగే పిల్ల. మల్ల మల్ల కొంటమా?"

మా ఇంట్లో దేన్నయినా అలాగే కొనేవాళ్ళు. నా అంగీ మోకాళ్ళ దాకా ఉండేది. చెప్పుల ముందు భాగంలో దూది కుక్కుకుని నడిచేవాణ్ణి. కాలు చెప్పుకు సరిపోయేనాటికి చెప్పు అరిగిపోయేది.

మిస్త్రీ సాబు పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు. "అరె సాబ్, గిది లంగా అనుకున్నవా, మడతలిప్పి పొడుగు చేసెతందుకు? చెయ్యి పొడుగును బట్టి బాజా. ఇటు రా బేటీ. చెయ్యి చాపు."

అక్క బుద్ధిగా కుడిచెయ్యి చాపింది.

"గది గాదు. ఎడమది."

అక్క కదల్లేదు. ఆ చెయ్యి తియ్యమనడమే గాని చాపమన్నవాళ్ళు అప్పటిదాకా లేరు. బాపు మొహంలోకి చూసింది. బాపు పైకప్పు చూస్తున్నాడు. మెల్లగా ఎర్రగుడ్డ కట్టిన చెయ్యి చాపింది.

పెద్ద ఫిడేలు మెడ కింద ఆనిస్తే దాని తలకాయ అక్క వేళ్ళకు అందనే లేదు. నడిమిది అందింది గాని మోచెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. చివరగా, మూలన దుమ్ములో వేలాడుతున్న చిన్నదాన్ని దింపాడు. మోచెయ్యి కొంచెం వంగి, ఫిడేలు తలకాయ పిల్లికూన తలలా అక్క అరచేతిలో ఒదిగింది. అక్క ఇంక దాన్ని దింపలేదు.

దానికి తీగెలు లేవు. తీగెల మీద లాగే కమాను వేరే మూటలో ఉంది. బాపు మొహం మాడ్చుకున్నాడు. "గిది సచ్చిన పీనుగు లెక్కున్నది సాబ్."

మిస్త్రీ సాబు దాని పొట్ట మీది సందులోంచి ఒక కన్నుతో లోపలికి చూశాడు. "లోపటి చిన్న కర్ర నిలబడ్డది. పాణం ఉన్నట్టే. తీగెలు నేనిస్త. ఒక్క ఘోడీ లేదు."

"ఘోడీ అంటే?"

"గుర్రం సాబ్, గుర్రం. తీగెలన్ని దానిమీదనే సవారీ చేస్తయి. హైద్రాబాద్‌కెల్లి తెప్పిచ్చి బస్సుల పంపిస్త. ఫికర్ చెయ్యకు."

ఇంటికి రాగానే బాపమ్మ గడపలోనే ఆపింది. "పుర్రచెయ్యి మాన్పుదమని నేను సూస్తుంటే, దానికే పని తెచ్చిండ్రా? ఆగం చేస్తున్నవ్ రా కొడుకా పిల్లను. వాపసిచ్చి రా."

బాపు కండువా దులుపుకుంటూ, నేల చూపులు చూస్తూ, "ఇంక సామాను పూర్తిగ రాలేదే అవ్వా. గుర్రం రావాలె. బస్సుల పంపిస్తనన్నడు" అన్నాడు.

బాపమ్మ గడప మీంచి చెయ్యి తీసింది.

"గుర్రమా?"

"గుర్రమే."

"ఏ రంగుది?"

నేను నోరు తెరవబోతే అక్క నా తొడపాశం పెట్టింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

("తొడ చూపియ్యకు పిల్లకు" అంది అక్క.)

బాపమ్మ గోడకు ఒరిగి కూర్చుంది. "మా తల్లిగారింట్ల గుర్రముండె. తెల్లది. మా అన్న ఊరు దాటితె దానిమీదనే దాటుతుండె. నా చేతులతోటి ఉలవలు పెడ్తుంటి. రజాకార్ల గడబిడల ఎవలు ఇప్పుకపోయిండ్రో, ఏమాయెనో. మల్ల నేను ఏ గుర్రాన్ని ముట్టలే." తర్వాత లేచి, కొంగు బిగించి పెరటి వైపు నడిచింది. గుర్రం వస్తుందన్న సంబురంలో ఫిడేలు సంగతే మరిచిపోయింది. మాకు కావలసిందీ అదే.

బాపమ్మ గాబు పక్కన నేల ఊడ్చి గుంజ పాతించింది. గంగాళంలో ఉలవలు నానబోసింది. నేను నా వంతు పని చేశాను: బడిలో చెప్పాను. మొదటి సవారీ ఇస్తానని ఒకడి దగ్గర గోటీలు, రెండో సవారీకి ఇంకొకడి దగ్గర జామపండు, తోక పట్టుకోనిస్తానని మూడోవాడి దగ్గర మక్కకంకి పుచ్చుకున్నాను. బస్సు వచ్చేరోజున ఊరు ఊరంతా వచ్చి నిలబడింది.

("ఊరంత గాదు. మన లైనోళ్ళే.")

బస్సు ఆగింది. డ్రైవరు దిగి, "దీపాల సారు ఎవలు?" అని అడిగి, బాపు చేతిలో ఒక అగ్గిపెట్టె పెట్టి చాయ్ తాగపోయాడు.

బాపమ్మ బస్సు వెనక్కి పోయి చూసింది. తలెత్తి టాపు మీద చూసింది. మూటలు, కోళ్ళ గంప తప్ప ఏమీ లేవు. బాపు అగ్గిపెట్టె తెరిచాడు. దూదిలో, వేలెడు వెడల్పున, నడుం సన్నగా ఉన్న చెక్కముక్క. బాపమ్మ రెండు వేళ్ళతో దాన్ని పైకెత్తింది.

"గిదా గుర్రం?"

"గిదేనవ్వా. ఫిడేలుకు దీన్ని గుర్రమనే అంటరు."

"కాళ్ళు రెండే ఉన్నయి" అంది బాపమ్మ.

జనం విరగబడి నవ్వారు. గోటీలవాడు నా మీద పడ్డాడు. ఆ కొట్లాటలోంచి తలెత్తి చూస్తే బాపమ్మ ఒక్కతే, ఎవరితోనూ ఏమీ అనకుండా, ఇంటిదారి పట్టి పోతోంది. ఎప్పుడూ నలుగురికి వినబడేలా మాట్లాడుతూ నడిచే మనిషి. వెనక నుంచి చూస్తే చిన్నపిల్లలా ఉంది.

ఇంటికి పోయేసరికి గుంజ పీకేసి ఉంది. "గుర్రమని చెప్పి పుల్ల తెచ్చి నలుగుట్ల నన్ను నవ్వులపాలు చేసిండ్రు" అంది బాపమ్మ. "గది ఈ ఇంట్ల మోగిననాడు నేను నా తమ్మునింటికి పోత."

అక్క ఫిడేలును ఒళ్ళో పెట్టుకుని అన్నం ముట్టలేదు. ఈ పూట మాత్రం నిజంగానే ముట్టలేదు.

మర్నాడు మాస్టరు మా వరండాలోకొచ్చి చాప మీద కూర్చుని ఫిడేలు సర్దడం మొదలుపెట్టాడు. గుర్రం పాదాలు ఫిడేలు పొట్ట ఒంపుకు సరిగ్గా ఆనేదాకా గరుకు కాయితం మీద రుద్దాడు. బాపు సాయం చేద్దామని సరేసు గిన్నె తెచ్చాడు.

"అయ్యో, అతికించకండి! పాదాలు అంటించేస్తే గుర్రం పరిగెత్తుతుందా? తీగెల బరువుకే అది నిలబడాలి" అన్నాడు మాస్టరు. తీగెలు ఒక్కొక్కటే బిగిస్తూ, వాటితో పాటు ముందుకు వాలిపోతున్న గుర్రాన్ని బొటనవేళ్ళతో నిటారుగా నిలబెడుతూ వచ్చాడు. తీగెలు చుట్టే బిరడాలు జారుతుంటే నా బలపం ముక్క అడిగి వాటికి రాశాడు. అన్నీ కుదిరాయి. అప్పుడు మూట విప్పి కమాను బయటికి తీశాడు. దాని వెంట్రుకలన్నీ పురుగు కొట్టేసి, ముసలి పిల్లి మీసాల్లా నాలుగు మిగిలాయి.

"ఇది పనికిరాదండీ. కొత్త వెంట్రుకలు కట్టాలి. గుర్రం తోకవి. తెల్లవయితే మంచిది."

"మల్ల గుర్రమా!" అన్నాడు బాపు, తల పట్టుకుని.

దసరా ముంచుకొచ్చింది. కరీంనగర్ పోయివచ్చే వ్యవధి లేదు. మా ఊళ్ళో తెల్ల గుర్రం ఒక్కటే: స్టేషను దగ్గర టాంగా తాతది. నేను ఎవరికీ చెప్పకుండా పోయాను. టాంగా తాత బీడీ వెలిగించుకోవడానికి అటు తిరిగాడు. నేను తోక పట్టి గుంజాను. ఆ తర్వాత నాకు కనిపించింది ఆకాశం. టాంగా మీదుగా, స్టేషను రేకుల మీదుగా ఎగిరి, బతుకమ్మ కోసం ఎవరో అమ్ముకుంటున్న గునుగుపూల కుప్పలో పడ్డాను.

("తన్ననే లేదు. గుర్రం ఊకె తలకాయ తిప్పితే, భయానికి నువ్వే ఉరికి గుంజకు కొట్టుకున్నవ్.")

ఎలా పడితేనేం, నుదురు పగిలింది. బాపమ్మ పసుపు అద్దుతూ, "ఎందుకు పోయినవ్ రా గుర్రం కాడికి?" అంది.

"అక్క ఫిడేలుకు. తోక వెంటికలు కావాల్నట."

అద్దుతున్న చెయ్యి ఆగింది. "గా పుల్లకు అసలు గుర్రంతోని సుత పని పడ్డదా?"

"గుర్రం తోక లేకుంటే గది పలుకనే పలుకదట బాపమ్మా."

బాపమ్మ లేచి, నానబోసిన ఉలవల గంగాళం చంకన పెట్టుకుని, కొప్పులోంచి దువ్వెన తీసి చేత పట్టుకుని బయల్దేరింది. వెనకాల అక్క, అక్క వెనకాల పసుపు మొహంతో నేను.

"అమ్మా, జర దూరం నిలబడు. దీని తిక్క మంచిది గాదు" అన్నాడు టాంగా తాత.

"నాకు చెప్తున్నవా" అంది బాపమ్మ. గంగాళం గుర్రం మూతి ముందు పెట్టి, రెండు కళ్ళ నడుమ అరచేత్తో నిమిరింది. "తిను నాయినా. తిను. ఎన్నొద్దులాయె" అంది. ఆ గుర్రాన్ని ఆమె చూడ్డం అదే మొదలు. గుర్రం తింటోంది. బాపమ్మ పక్కకు జరిగి, దాని తోకను జడలా ముందుకు లాక్కుని, పాయలు తీస్తూ దువ్వసాగింది. దువ్వెనకు వచ్చినవి వచ్చాయి. చాలకపోతే టాంగా తాత తానే కత్తెర తెచ్చి ఇంకొన్ని ఇచ్చాడు. నేను చూస్తుండగానే గుర్రం కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి.

("ఈగలు ముసిరి కారినయి" అంది అక్క. కొంచెం ఆగి, "బాపమ్మకు సుత కారినయి. గక్కడ ఈగలు లేవు" అంది.)

మాస్టరు వెంట్రుకలు కడిగి, ఆరబెట్టి, కొసలు దారంతో ముడేసి కమానుకు బిగించాడు. వాటికి రాయడానికి బంక కావాలంటే బాపమ్మ దేవుడి గూట్లోంచి గుగ్గిలం ముక్క తెచ్చిచ్చింది. తమ్ముడింటికి పోతానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఎర్రగుడ్డ మాత్రం విప్పలేదు.

దసరా పొద్దున అక్క తలంటుకుని, చాప మీద మాస్టరు ఎదురుగా కూర్చుంది. ఫిడేలు తలకాయ చీలమండ మీద ఆనించుకుంది. ఆయన అక్క ఎడమ మణికట్టు చూసి, "ఈ గుడ్డ ఏమిటమ్మా?" అన్నాడు. అక్క తల వంచుకుంది. నేనూ మాట్లాడలేదు, ఒట్టు. ఆయనే ముడి విప్పాడు. "ఇది ఉంటే వేళ్ళు ఆడవు. పాట అంతా ఈ చేతిలోనే ఉంది కదా తల్లీ. దీంతో రోజూ ఫిడేలు తుడుచుకో."

మొదట వచ్చిన చప్పుడు గాలికి రేకు తలుపు కదిలినట్టుంది. రెండోదీ అంతే. అక్క నాలుక కొరుక్కుని, మళ్ళీ కమాను పెట్టి నెమ్మదిగా లాగింది. అప్పుడు స, ఒక్కటే, నిండుగా వచ్చింది. ఆ వరండా అంతా గుగ్గిలం వాసన. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

సాయంత్రం ఊరివాళ్ళంతా జమ్మి దగ్గర్నుంచి తిరిగొచ్చారు. అందరూ పాలపిట్టను చూశామన్నారు, నేను రెంటిని చూశానన్నాను. ఇళ్ళిళ్ళకూ పోయి పెద్దల చేతుల్లో జమ్మాకు బంగారం పెట్టి కాళ్ళు మొక్కడం మొదలయింది. బాపమ్మ గడపలో కూర్చుని, "ఏదీ పొల్లా, గా రెండు కాళ్ళ గుర్రాన్ని ఒకపారి ఉరికియ్యి" అంది. అక్క వచ్చిన ఆ ఒక్క స్వరాన్నే పలికించింది. బాపమ్మ కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత తన దోసిట్లోంచి నాలుగు జమ్మాకులు తీసి, అక్క కుడిచేతిలో కమాను ఉందని చూసి, ఎడమచెయ్యి దగ్గరికి లాక్కుని, ఆ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, "ఈ చెయ్యి బంగారంగాను" అంది.

ముచ్చట అక్కడితో అయిపోయింది.

మొదట్లో ఒట్టేశాను కాబట్టి ఇప్పుడు చెప్పాలి. గుర్రం తన్నిందా లేదా అన్నది నాకూ గుర్రానికీ మధ్య సంగతి, దాన్ని నేను వదులుకోను. కల్పించింది చివరిదే. ఆ సాయంత్రం అక్క ఎడమచెయ్యే చాపింది. బాపమ్మ ప్రేమగానే, ఎప్పటిలాగే, "గీ చెయ్యి గాదు బిడ్డా" అంది. అక్క కమాను కింద పెట్టి, కుడిచెయ్యి చాపి బంగారం పుచ్చుకుంది. ఆ తర్వాత అక్క ఎన్నేళ్ళు వాయించినా, బాపమ్మ గుగ్గిలం ఇస్తూనే ఉంది, ఆ ఒక్క మాట అంటూనే ఉంది.

నేను ఆ కల్పన చెప్పి అక్క దిద్దుతుందని ఆగాను. అన్నం మానిన పూట నుంచి గుర్రం కన్నీళ్ళ దాకా ఒక్కదాన్నీ వదలని మనిషి. నోరు తెరిచింది కూడా. ఒళ్ళో పిల్ల తొడ కింద దాచిన చెయ్యి బయటికి తీసి, అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"అమ్మమ్మా, తాత చెప్పింది నిజమేనా?"

అక్క నావైపు చూడలేదు.

"అవ్ బిడ్డా" అంది. "గట్లనే పెట్టింది. నాకు మంచిగ యాదికున్నది."